రోమ్‌లో నాలుగు రోజులు: ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

వలసపిట్ట (అక్టోబరు 3)

అందరికీ నమస్కారం. నవంబరు రెండో వారంలో అమ్మానాన్నలను తీసుకుని రోమ్ వెళ్తున్నాను. రాకపోకలు పోను చేతిలో నాలుగు పగళ్ళు మిగులుతాయి.

నాన్నగారు ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పారు. జూలియస్ సీజర్ హత్య చెప్పే రోజు పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీ దగ్గర చేరేవాళ్ళట. ఆ ఊరు మాత్రం ఆయన ఇంతవరకూ చూడలేదు. ఇప్పుడు డెబ్బై రెండేళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పులే. చదును నేల మీద ఓ గంట నడవగలరు గానీ మెట్లు దిగడం కష్టం. అమ్మకు శిల్పాలన్నా బొమ్మలన్నా ప్రాణం, పడిపోయిన గోడలు చూపిస్తే మాత్రం విసుగొస్తుంది.

నేను రాసుకున్న జాబితా ఇరవై ఆరుకు చేరింది. కొలోసియం, పాత రోమ్ నడిబొడ్డయిన ఫోరం, పాంథియాన్ గుడి, వాటికన్, ట్రెవీ ఫౌంటెన్, స్పానిష్ మెట్లు, ఇంకా ఏవేవో. అందులో సగం కొట్టేయాలని తెలుసు, ఏ సగమో తెలియడం లేదు. వెళ్ళొచ్చినవాళ్ళు దయచేసి చెప్పండి.

సంచారి75 (అక్టోబరు 3)

ముందు టికెట్ల సంగతి చూసుకోండి, మిగతావి తరవాత. కొలోసియం, ఫోరం, పాలటైన్ గుట్ట మూడింటికీ కలిపి ఒకటే టికెట్. దాని మీద మనిషి పేరు ఉంటుంది, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వండి. అధికారిక సైట్‌లో సుమారు నెల ముందు విడుదలవుతాయి. కొలోసియంలోకి వెళ్ళే టైము కొనేటప్పుడే ఎంచుకోవాలి.

నవంబరులో ఫోరం సాయంత్రం నాలుగున్నరకే మూసేస్తారు, లోపలికి మూడున్నర దాకే పంపుతారు. భోంచేసి తీరిగ్గా వెళ్దాం అనుకుంటే దక్కదు. వాటికన్ మ్యూజియం ఆదివారాలు ఉండదు, నెలలో ఆఖరి ఆదివారం ఒక్కటే తెరుస్తారు. చర్చిల్లోకి భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలతో వెళ్ళాలి.

రాతిపుస్తకం (అక్టోబరు 4)

వలసపిట్ట గారూ, ఈ ఊళ్ళో ఆరేళ్ళుగా ఉంటున్నాను. వచ్చిన ప్రతి చుట్టాన్నీ తిప్పాను. మొదట్లో నేనూ జాబితా పట్టుకునే తిప్పేవాణ్ణి. ఇప్పుడు మానేశాను.

ఈ ఊళ్ళో ఏ పాత కట్టడం మిగిలినా, దాన్ని తరవాతివాళ్ళు ఏదో ఒక పనికి వాడుకోబట్టే మిగిలింది. ఎవరికీ అక్కరకు రాని పాలరాయి సున్నపు బట్టీలోకి పోయింది. పాంథియాన్ నిలిచిందంటే 609లో చర్చిగా మారింది కాబట్టి. సెనేట్ కూర్చున్న కూరియా కూడా అంతే. గుర్రం మీద మార్కస్ ఆరేలియస్ కంచు విగ్రహాన్ని కరిగించలేదంటే, అది కాన్‌స్టంటైన్‌దని, క్రైస్తవాన్ని ఆదరించిన చక్రవర్తిదని పొరబడ్డారు కాబట్టి. మార్సెల్లస్ నాటకశాల క్రీస్తుపూర్వం నాటిది, దాని కింది కమానులు అలాగే ఉండగా పైన ఈనాటికీ మనుషులు కాపురాలుంటున్నారు. అందుకని నేను ఏ కట్టడం ముందు నిలబెట్టినా చుట్టాలను ఒకటే అడుగుతాను: దీన్ని కట్టినవాళ్ళు సరే, తరవాత ఎవరు వాడారో దీని మీద ఎక్కడ కనిపిస్తోంది?

ఫోరంలో అలా వెతకాల్సినవి రెండు చెబుతాను. మీ నాన్నగారు తప్పకుండా చూడాలి.

ఒకటి, ఆంటోనైనస్, ఫౌస్టినాల గుడి. చనిపోయిన రాణి ఫౌస్టినా కోసం 141లో మొదలుపెట్టింది. ముందు ఆరు పెద్ద స్తంభాలు, వాటి వెనకాల ఒక చర్చి ముఖం. ఆ చర్చి తలుపు చూడండి, మన తలల మీద ఎంతో ఎత్తున గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. దాని ముందు మెట్లూ లేవు, నేలా లేదు. ఆ తలుపు పెట్టిన రోజుల్లో నేల అంత ఎత్తున ఉండేది. వరద మట్టి, కూలిన ఇళ్ళు, చెత్త వందల ఏళ్ళు పేరుకుని ఫోరం అంతా పూడిపోయింది. దాని మీద పశువులు మేసేవి, అందుకే 'ఆవుల మైదానం' అని పిలిచేవాళ్ళు. తరవాత మట్టి తవ్వేశారు, తలుపు పైనే ఉండిపోయింది. స్తంభాల పైభాగంలో ఏటవాలు గాట్లు కనిపిస్తాయి. తాళ్ళు కట్టి పడగొట్టబోయినప్పటి గుర్తులని చెబుతారు. అవి పడలేదు.

రెండోది సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి విజయ తోరణం, 203 నాటిది. పైన పెద్ద అక్షరాల శాసనం ఉంది. నాలుగో వరుస మీద కళ్ళు పెట్టండి. అక్కడ రాయి మిగతా వరుసలకన్నా కాస్త లోపలికి చెక్కి ఉంటుంది, అక్షరాల మధ్య సంబంధం లేని చిన్న చిన్న రంధ్రాలుంటాయి. మొదట ఆ వరుసలో రెండో కొడుకు గేటా పేరు ఉండేది. 211లో అన్న కారకల్లా తమ్ముణ్ణి చంపించి, సామ్రాజ్యంలో ఎక్కడ ఆ పేరున్నా చెరిపించాడు. ఇక్కడ పేరు తీసేసి, ఆ ఖాళీలో తండ్రినీ తననూ పొగిడే మాటలు నింపాడు. అప్పట్లో అక్షరాలు కంచువి, మేకులతో దిగ్గొట్టేవాళ్ళు. పాత అక్షరాల మేకుల బెజ్జాలు మాత్రం పోలేదు.

వాటికన్ మ్యూజియం నా లెక్కలో వదిలేయొచ్చు. తోపులాట ఎక్కువ, నడక ఎక్కువ, నాలుగు రోజుల్లో ఒక రోజు మింగేస్తుంది.

కొండగాలి (అక్టోబరు 4)

రాతిపుస్తకం గారి మాటలు ఆసక్తిగా చదివాను గానీ చివరి రెండు వాక్యాలతో అస్సలు ఒప్పుకోను. అడిగినాయన వెంట తల్లిగారు కూడా వస్తున్నారు. ఆవిడకు శిల్పాలూ బొమ్మలూ ఇష్టమని మొదటి పోస్టులోనే రాశారు. అలాంటి మనిషిని రోమ్ దాకా తీసుకెళ్ళి, మైకెలాంజిలో 1508 నుంచి 1512 దాకా మెడ వెనక్కి వాల్చి గీసిన సిస్టీన్ కప్పు చూపించకుండా తీసుకురావడం అన్యాయం. లావోకూన్ శిల్పం అక్కడే ఉంది. 1506లో ఒక ద్రాక్షతోటలో బయటపడింది. పాములు చుట్టుకున్న ఆ తండ్రి ముఖం ముందు మా అమ్మ ఎంతసేపు నిలబడిపోయిందో నాకు ఇప్పటికీ గుర్తే.

నడక ఎక్కువే, నిజం. అక్కడ వీల్‌చైర్లు ఇస్తారు, ముందే మెయిల్ రాసి పెట్టుకోండి. పొద్దున్నే మొదటి టైము తీసుకోండి.

రాతిపుస్తకం (అక్టోబరు 4)

కొండగాలి గారూ, మీరన్నది సబబు. నేను నాన్నగారి గురించే ఆలోచించి రాసేశాను. ఒక రోజు అమ్మగారికి ఇవ్వాల్సిందే.

తులసికోట (అక్టోబరు 4)

అమ్మగారి పక్షాన నేనూ ఒకటి చెబుతాను. పియాజ్జా నవోనాకు తప్పకుండా తీసుకెళ్ళండి. పొడవుగా, ఒక కొస గుండ్రంగా ఉండే ఆ మైదానం డొమీషియన్ చక్రవర్తి కట్టించిన పరుగు పందేల స్టేడియం. ప్రేక్షకులు కూర్చున్న అరుగుల మీదే ఇళ్ళు లేచాయి, ఆకారం మాత్రం పోలేదు. మధ్యలో బెర్నీని చేసిన నాలుగు నదుల ఫౌంటెన్ ఉంది, 1651 నాటిది. నైలు, డాన్యూబ్, దక్షిణ అమెరికా లా ప్లాటా, నాలుగోది మన గంగ! చేతిలో పొడవాటి తెడ్డు పట్టుకుని కూర్చున్న గడ్డపు మనిషి. పడవలు నడిచే పెద్ద నది అని చెప్పడానికి తెడ్డు పెట్టారు. మనకు గంగ తల్లి, అక్కడ మగవాడు. మా అత్తగారు ఆ ఒక్క మాట మీద ఆ ఫౌంటెన్ చుట్టూ మూడు సార్లు తిరిగారు.

శిల్పాలే కావాలంటే బోర్గేసే గ్యాలరీ. చిన్నది, రెండు గంటల చొప్పున లెక్కగా మనుషులను పంపుతారు కాబట్టి తొక్కిసలాట ఉండదు. ప్రాచీనం కాదు గానీ అపోలో, డాఫ్నేల శిల్పం దగ్గరికెళ్ళి, అపోలో దేవుడు తరమగా చెట్టైపోతున్న డాఫ్నే వేళ్ళ చివర్లు చూడమనండి. వేళ్ళు ఆకులైపోతుంటాయి. ఆకు అంచు దగ్గర పాలరాయి ఎంత పల్చన ఉంటుందో చెబితే నమ్మలేరు.

ఇంకో విషయం, నీళ్ళు కొనకండి. వీధి వీధికీ ఇనప పంపు ఉంటుంది, వంకర గొట్టంలోంచి రాత్రీ పగలూ చల్లటి మంచినీళ్ళు పారుతుంటాయి. 'నాసోనె' అంటారు, పెద్ద ముక్కు అని అర్థం. గొట్టం మూతిని వేలితో మూస్తే పైనున్న బెజ్జంలోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అదే సుఖం.

కట్టుబడి (అక్టోబరు 5)

సివిల్ ఇంజనీరుని. నాకు రోమ్ అంటే పాంథియాన్. మిగతా అన్నీ కొట్టేసినా అది కొట్టేయకండి.

గుమ్మటం అడ్డంగా 43.3 మీటర్లు, నేల నుంచి శిఖరానికి ఎత్తూ అంతే. అంటే లోపల ఒక పూర్తి గోళం పడుతుంది. ఇనుము లేని కాంక్రీటు గుమ్మటాల్లో దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ళ తరవాత కూడా దీనిదే మొదటి స్థానం. ఎలా నిలిచిందంటే, పైకి పోయేకొద్దీ కాంక్రీటులో కలిపే రాయిని మార్చుకుంటూ పోయారు. కింద బరువైన ట్రావర్టైన్, పైకి వెళ్ళేసరికి నీళ్ళ మీద తేలేంత తేలికైన అగ్నిపర్వతపు నురగ రాయి. మందం కూడా కింద ఆరు మీటర్ల పైచిలుకు, పైన మీటరు కాస్త ఎక్కువ. పైన నడినెత్తిన రంధ్రం వదిలేశారు, దానికి మూతా లేదు, అద్దమూ లేదు. వాన పడితే లోపల పడుతుంది. నేల మధ్యలో కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండి, నీళ్ళు పోవడానికి 22 బెజ్జాలున్నాయి. వాన రోజు వెళ్ళగలిగితే అదృష్టం.

ముఖం మీద 'అగ్రిప్పా కట్టించాడు' అని ఉంటుంది. ఇప్పుడున్నది అగ్రిప్పాది కాదు. అతని గుడి కాలిపోయాక హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, సుమారు 126 నాటికి, ఈ కట్టడం పూర్తయింది. తన పేరు వేసుకోకుండా పాత పేరే పెట్టించాడు హేడ్రియన్.

బయట కూడలిలో వెనక్కి జరిగి వరండా కప్పు పైన చూడండి. వెనక గోడ మీద ఇంకొంచెం ఎత్తులో రెండో త్రికోణపు గీత ఉంటుంది. ఇంకా పొడుగు స్తంభాలతో వరండా కట్టాలనుకున్నారని, ఈజిప్టు నుంచి అంత పొడుగు గ్రానైటు రాక ఎత్తు తగ్గించారని కొందరు పరిశోధకుల ఊహ. సైటులో మెటీరియల్ రాక డ్రాయింగు మార్చుకోవడం ఎన్నోసార్లు చేసినవాణ్ణి, అందుకే ఆ గీత చూస్తే నాకు వాళ్ళు చాలా దగ్గరివాళ్ళనిపిస్తారు.

వలసపిట్ట (అక్టోబరు 5)

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఇవన్నీ ప్రింటు తీసి నాన్నకు ఇచ్చాను. గేటా పేరు చెరిపిన భాగాన్ని రెండుసార్లు చదివి, ఎర్ర పెన్నుతో గీత గీశారు.

ఆయన ఒకటి అడగమన్నారు. సీజర్‌ను చంపిన చోటు ఇప్పుడు చూడొచ్చా?

రాతిపుస్తకం (అక్టోబరు 5)

చూడొచ్చని మాస్టారికి చెప్పండి. చాలామంది ఫోరంలో వెతుకుతారు, అక్కడ కాదు. అప్పట్లో ఫోరంలోని సెనేట్ భవనం కట్టుబడిలో ఉంది. అందుకని క్రీస్తుపూర్వం 44 మార్చి 15న సభ, సీజర్ పాత ప్రత్యర్థి పాంపీ కట్టించిన నాటకశాలకు ఆనుకుని ఉన్న కూరియాలో జరిగింది. ఇప్పుడు ఆ చోటు లార్గో అర్జెంటీనా. బస్సులూ ట్రాములూ తిరిగే కూడలి మధ్యలో గొయ్యిలా ఉంటుంది, లోపల నాలుగు పాత గుళ్ళు. గుండ్రటి గుడి వెనకాల, చెట్ల దగ్గర, ముతక రాళ్ళ దిమ్మె కనిపిస్తుంది. అదే పాంపీ కూరియా పునాది. పైన రోడ్డు మీద నిలబడి రెయిలింగ్ పట్టుకుని చూడొచ్చు, మెట్లు దిగక్కర్లేదు. 2023 నుంచి కింద నడవా కూడా తెరిచారు. ఆ రాళ్ళ మధ్య పిల్లులు చాలా ఉంటాయి, వాటిని చూసుకునేవాళ్ళు ఉన్నారు.

తరవాత ఫోరంలోకి వెళ్ళినప్పుడు సీజర్‌ను దహనం చేసిన చోటు చూడండి. ఆయన పేరిట కట్టిన గుడి అడుగు భాగం మిగిలింది, చిన్న రేకు కప్పు కింద మట్టి దిమ్మె. దాని మీద ఇప్పటికీ ఎవరో ఒకరు పూలు పెట్టి పోతుంటారు. హత్య చోటు ఒక రోజు, దహనం చోటు మర్నాడు అలా చూస్తే పాఠం వరుసగా పూర్తవుతుంది.

నిలకడ (అక్టోబరు 6)

కొలోసియం దగ్గర జాగ్రత్త, మా అనుభవం చెబుతాను. మెట్రో దిగి బయటికి రాగానే మెడలో కార్డు వేసుకున్న ఒకాయన ఎదురొచ్చి, లైను లేకుండా పంపిస్తాం, గైడు కూడా ఉంటాడన్నాడు. ముగ్గురికీ డబ్బు కట్టాం. పక్క వీధిలో గంటన్నర నిలబెట్టారు. చివరికి ఇచ్చిన టైము, ఆ రోజు మేమే కొనుక్కోగలిగిన టైము ఒకటే. మా నాన్న ఆ గంటన్నర ఎండలోనే ఉన్నారు. ఇంటి దగ్గరే అధికారిక సైటులో కొనేసుకోండి, అక్కడ పలకరించినవాళ్ళకు నవ్వి దండం పెట్టి ముందుకు నడవండి.

లోపలికి వెళ్ళేముందు గోడలకు ఉన్న గుంటలు గమనించండి. తుపాకీ గుళ్ళ దెబ్బలని చాలామంది అనుకుంటారు. రాళ్ళను కలిపి పట్టే ఇనప బిగింపుల కోసం మధ్య యుగాల్లో జనం తవ్వుకున్న గుంటలవి. ఉత్తరం వైపు ద్వారాల మీద అంకెలు కూడా చెక్కి ఉంటాయి, ఇప్పుడు సీటు నంబరు చూసుకుని గేటు వెతుక్కున్నట్టే. 23 నుంచి 54 దాకా ఇప్పటికీ చదవొచ్చు. 54 అంకెలో నాలుగును ఐదుకు ముందు ఒక గీత పెట్టి రాయలేదు, నాలుగు నిలువు గీతలు వరసగా గీశారు. మాస్టారు పిల్లలకు నేర్పిన రోమన్ అంకెలకు తేడా కనిపిస్తుంది.

పాలపిట్ట (అక్టోబరు 6)

ఓస్టియా ఆంటికా గురించి ఎవరూ రాయలేదేమిటి? రోమ్ పాత రేవు పట్నం, ఊళ్ళోంచి లోకల్ రైలెక్కితే అరగంట. రాజుల కట్టడాలు కావు, మామూలు జనం బతికిన ఊరు. అద్దె ఇళ్ళు, పిండి మరలు, అంగడి గట్టు, వరుసగా కూర్చునే మరుగుదొడ్లు. ఒక చదరపు ఆవరణ చుట్టూ ఓడ వ్యాపారుల గదులున్నాయి, ప్రతి గది ముందూ నేల మీద నలుపు తెలుపు రాళ్ళతో వాళ్ళ గుర్తు. ఏనుగు బొమ్మ ఉన్నచోట ఆఫ్రికా వర్తకులు. సోషల్ మాస్టారికి ఇంతకు మించిన పాఠం ఉండదు.

రాతిపుస్తకం (అక్టోబరు 6)

పాలపిట్ట గారూ, ఓస్టియా నాకూ చాలా ఇష్టం. కానీ అక్కడి వీధులు పెద్ద పెద్ద నల్లరాళ్ళు పరిచినవి, రాయికీ రాయికీ మధ్య సందులు. ఆ మోకాళ్ళతో ఒక రోజంతా అంటే భయమేస్తోంది. అదే కోరికతో ఊరి అంచున కాలువల పార్కుకు పోవచ్చు. చదునైన గడ్డి నేల, దాని మీద క్లాడియన్ కాలువ మోసిన కమానులు వరసగా కనుచూపు మేర. 38లో మొదలై 52లో పూర్తయింది. కింద నుంచుని చూస్తే ఈ ఊరు ఎలా బతికిందో అర్థమవుతుంది, కొండల్లోని ఊట నీళ్ళు వాలు తప్పకుండా నడుచుకుంటూ వచ్చేవి. ఎక్కడా తోడింది లేదు.

మెట్లు దిగగలిగితే సాన్ క్లెమెంతే చర్చి చెబుతాను. పైన ఉన్నది పన్నెండో శతాబ్దపు చర్చి. దాని కింద నాలుగో శతాబ్దపు చర్చి. దాని కింద మొదటి శతాబ్దపు రోమన్ ఇళ్ళూ, ఎద్దును చంపే మిత్ర దేవుడి గుడీ. పాత చర్చిని మట్టితో నింపి దాని మీద కొత్తది కట్టారు, తరవాత అందరూ మరచిపోయారు. 1857లో ముల్లూలీ అనే ఐర్లండ్ సన్యాసి తవ్వించేదాకా కింద ఇంకో చర్చి ఉందని తెలియదు. అట్టడుగున నిలబడితే గోడ అవతల నీళ్ళు పారే చప్పుడు వినిపిస్తుంది.

మధ్య అంతస్తులో ఒక గోడ బొమ్మ ఉంది. పదకొండో శతాబ్దం చివరిది. మనుషుల నోటి దగ్గర వాళ్ళ మాటలు రాసి ఉంటాయి. లాటిన్ ఒక్కటే కాదు, వీధిలో జనం మాట్లాడే భాష కూడా ఉంది, ఇటాలియన్‌కు తొలి నమూనాల్లో అదొకటి. దొర తన నౌకర్లను 'లాగండిరా' అని ఒక బూతు మాట కలిపి అరుస్తుంటాడు. చర్చి గోడ మీద! భాష గురించి ఆలోచించేవాళ్ళకు ఆ గోడ ముందు కాళ్ళు కదలవు.

దిగినకొద్దీ మెట్లు ఇరుకవుతాయి. ఆగుతూ దిగాలి, అదంతా మళ్ళీ ఎక్కాలి. నిర్ణయం మీదే.

వలసపిట్ట (అక్టోబరు 9)

ఇంట్లో కూర్చుని తేల్చేశాం. మొదటి రోజు పాంథియాన్, నవోనా, అర్జెంటీనా, మూడూ దగ్గర దగ్గరే. రెండో రోజు పొద్దున కొలోసియం, ఆపైన ఫోరం. మూడో రోజు అమ్మది, వాటికన్. నాలుగో రోజు కాపిటోలైన్ మ్యూజియం, ఓపిక ఉంటే సాన్ క్లెమెంతే. స్పానిష్ మెట్లూ, కారకల్లా స్నానశాలలూ, ఇంకా పదిహేడు కొట్టేశాను. కొట్టేస్తుంటే మనసు ఒప్పుకోలేదు గానీ కొట్టేశాను.

సంచారి75 (అక్టోబరు 9)

బాగుంది. ట్రాజన్ స్తంభం ఫోరం నుంచి బస్సెక్కే దారిలోనే వస్తుంది, దానికి వేరే పూట అక్కర్లేదు. రెండు నిమిషాలు ఆగి, కింద నుంచి పైకి చుట్టుకుంటూ పోయే యుద్ధపు బొమ్మలు చూడండి. పైన ఉన్నది ట్రాజన్ కాదు, 1587లో పెట్టిన సెయింట్ పీటర్.

వలసపిట్ట (నవంబరు 24)

వెళ్ళొచ్చాం. ఆలస్యానికి క్షమించండి. రాగానే అమ్మకు జలుబు, నాకు ఆఫీసు.

మొదటి రోజే వాన. హోటల్ కిటికీలోంచి చూసి దిగులు పడ్డాను, అంతలో కట్టుబడి గారి పోస్టు గుర్తొచ్చి ఆటో ఎక్కినంత హడావిడిగా టాక్సీ ఎక్కించాను. పాంథియాన్ మధ్యలో నేల మీద గుండ్రంగా వాన పడుతోంది. చుట్టూ తాడు కట్టారు. తాడు బయట జనం, లోపల వాన. అమ్మ ఆ బెజ్జాలు లెక్కపెడుతూ పద్నాలుగు దాకా వచ్చి, మధ్యలో ఎవరో అడ్డం వస్తే మళ్ళీ మొదలుపెట్టింది.

అర్జెంటీనా దగ్గర వాన తగ్గింది. నాన్న రెయిలింగ్ పట్టుకుని, రాతిపుస్తకం గారు చెప్పిన ముతక రాళ్ళ దిమ్మె కనుక్కున్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత మెల్లగా పాఠం మొదలుపెట్టారు. ఎవరు ముందు అంగీ లాగారు, ఎవరు మొదటి పోటు పొడిచారు, ఇరవై మూడు గాయాలు, పాంపీ విగ్రహం కాళ్ళ దగ్గర పడిపోవడం. వెనక ట్రాము గంట కొడుతోంది. అమ్మ ఆ పాఠం ముప్ఫై ఏళ్ళు వంటింట్లోంచి విన్నది, ఆయన ఇంట్లో సాధన చేసుకునేవారు. ఆ రోజు పక్కన నిలబడి చివరిదాకా విని, "విగ్రహం ఎక్కడుండేదండీ మరి?" అని అడిగింది. ఆయన ముఖం చూడాలి మీరు.

ఫోరంలో రెండు గంటలనుకున్నది మూడున్నర పట్టింది. నేల ఎగుడుదిగుడు, ప్రతి పది అడుగులకూ కూర్చోవడం. గాలిలో తలుపు చూసి అమ్మ కూడా ఆగిపోయింది, పడిపోయిన గోడలంటే విసుక్కునే మనిషి. గంగ విగ్రహం దగ్గర తులసికోట గారి అత్తగారిలాగే చుట్టూ తిరిగింది. వాటికన్‌లో వీల్‌చైర్ వద్దని నాన్న మొండికేశారు, గంటలో ఒప్పుకున్నారు. మీరు చెప్పింది నిజం కొండగాలి గారూ, ఆ రోజు తీసేసి ఉంటే అమ్మకు అన్యాయం చేసినవాణ్ణయ్యేవాణ్ణి.

సాన్ క్లెమెంతేలో నాన్న నాలుగో శతాబ్దం దాకా దిగి, ఇక చాలన్నారు. అమ్మను ఆయన దగ్గర ఉంచి నేనొక్కణ్ణే అట్టడుగుకు వెళ్ళాను. ఫోటోలు తీయనివ్వరు. పైకి వచ్చాక ఆయన ఒక్కొక్కటే అడిగారు: గది ఎంత పొడవు, గోడ ఇటుకా రాయా, నీళ్ళ చప్పుడు ఏ వైపు నుంచి. రెండింటికి జవాబు చెప్పలేక మళ్ళీ దిగి చూసి వచ్చాను.

ట్రాజన్ స్తంభం బస్సులోంచే చూశాం. కాలువల పార్కు కుదరలేదు.

నాన్న మీకు రాస్తానన్నారు. చెప్పింది చెప్పినట్టు టైపు చేస్తున్నాను.

వలసపిట్ట (నవంబరు 24, నాన్నగారి మాటలు)

మిత్రులందరికీ నమస్కారం. మీరు చూపించిన ఊరినే నేను చూశాను.

సెవెరస్ తోరణం ముందు నలభై నిమిషాలు కూర్చున్నాను. నేను చెప్పిన సిలబస్‌లో గేటా లేడు. సెవెరస్‌ది ఒక వాక్యం, కారకల్లాది పౌరసత్వం గురించి రెండు మార్కుల ప్రశ్న: 212లో సామ్రాజ్యంలోని స్వతంత్రులందరికీ రోమన్ పౌరసత్వం ఇచ్చిన చక్రవర్తి ఎవరు? ఏటా ఎంతోమంది పిల్లలతో ఆ పేరు రాయించి మార్కులు వేశాను. అంతకు కొన్ని నెలల ముందే తమ్ముణ్ణి తల్లి ఒళ్ళో చంపించాడని ఒక్కనాడూ చెప్పలేదు. పుస్తకంలో లేదు, నేనూ వెతకలేదు. తోరణం కింద కూర్చుంటే నాకు అదే పదే పదే గుర్తొచ్చింది.

నాలుగో వరుసలో బెజ్జాలు కనిపించాయి. నా కళ్ళద్దాలతో నాలుగైదు స్పష్టంగా చూడగలిగాను. నా సందేహం ఇది: ఆ బెజ్జాల వరసను బట్టి పాత అక్షరాలు చదవడం సాధ్యమా? ఎవరైనా చదివారా? అబ్బాయి తీసిన ఫోటోలో మధ్యాహ్నపు ఎండ సూటిగా పడి అంతా చదునుగా ఉంది, ఏమీ తేలడం లేదు.

రాతిపుస్తకం (నవంబరు 25)

మాస్టారూ, సాధ్యమే, చదివారు కూడా. ఒక్కో అక్షరం రాతికి ఆనే చోట్లు ఒక్కో రకం, అందుకని బెజ్జాల అమరికను బట్టి అక్షరాలు పోల్చుకోవచ్చు. అలా పోల్చే ఆ వరుసలో మొదట గేటా పేరూ, అతని తండ్రి పేరూ, యువరాజు బిరుదూ ఉండేవని తేల్చారు.

అదే శాసనం తోరణం రెండో ముఖం మీద కూడా ఉంది. కాపిటోలైన్ గుట్ట పక్క వీధిలో రెయిలింగ్ దగ్గర నిలబడితే అది మనకు బాగా ఎత్తులోకి, దగ్గరగా వస్తుంది. టికెట్ అక్కర్లేదు. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు గుంటల్లో నీడలు నిలుస్తాయి, ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

ఈ ఆదివారం కెమెరా పట్టుకుని వెళ్తాను. నాలుగో వరుస ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ముక్కలు ముక్కలుగా తీసి ఇక్కడే పెడతాను.